వైశ్వానరుడు నిద్రపోయిన ఐదు రోజులు

కడుపునొప్పి వస్తే దాచుకోకండి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా ఈ ఒక్క మాట నేర్చుకోవడానికి నేను పడ్డ పాట్లు. పనులున్నవాళ్ళు ఇక్కడే ఆపి వెళ్ళిపోవచ్చు. కడుపు పట్టుకుని చదువుతున్నవాళ్ళు మాత్రం తప్పకుండా ఆపి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

నా పేరు ఓబులేశు. ఊరు కళ్యాణదుర్గం. మార్కెట్ యార్డులో గుమాస్తాగా పనిచేసి ఈ మధ్యే పదవీ విరమణ చేశాను. సాయంత్రాలు హేతువాద వ్యాసాలు రాస్తాను. వాదనలో నాకు గట్టి గురువులు దొరికారు. ఎదుటివాడు ఒక మెట్టు దిగితే మనం రెండు మెట్లెక్కి, అక్కడ నిలబడి మళ్ళీ ప్రశ్న వేయాలని నేర్పారు. ఎక్కినవాడు దిగడం ఎట్లాగో వాళ్ళు నేర్పలేదు. నేనూ అడగలేదు.

మా ఊరి పురోహితుడితో నాకు చాలా ఏళ్ళ వాదం. ఆయన పేరు ఇక్కడ రాయను, కారణం ముందు ముందు తెలుస్తుంది. అందరిలాగే నేనూ ఆయన్ను సామి అంటాను. మా వాదమంతా పొట్ట చుట్టూ తిరిగేది. సామి చెప్పేదేమంటే, ప్రతి ప్రాణి కడుపులోనూ వైశ్వానరుడనే నిప్పు రూపంలో దేవుడున్నాడు. నమిలేది, మింగేది, చప్పరించేది, నాకేది, ఈ నాలుగు రకాల అన్నాన్నీ అరిగించేది ఆయనే. కాబట్టి భోజనమంటే యజ్ఞం. విస్తరి చుట్టూ నీళ్ళు తిప్పి, మొదట ఐదు చిన్న ముద్దలు ఐదు ప్రాణాలకు ఆహుతిగా వేసుకుని, ఆ తర్వాతే తినడం మొదలుపెట్టాలి. లోపలి నిప్పుకు పైనున్న సూర్యుడు తోడు. గ్రహణం పట్టినప్పుడు ఆ తోడు తగ్గి లోపలి నిప్పు మందగిస్తుంది. అప్పుడు తిన్నది అరగదు.

దీనికి సమాధానంగా నేను "కడుపులో నిప్పుంటే పొగగొట్టం ఏది?" అని ఒక వ్యాసం రాశాను. నా వ్యాసాల్లో ఎక్కువ పేరు తెచ్చింది అదే. పేరు తెచ్చిందంటే, ముగ్గురు ఉత్తరాలు రాశారు, సామి ఆరు నెలలు మాట్లాడలేదు.

నా భార్య సరోజ ఏ పక్షమూ కాదు. గ్రహణం రోజున ఊరగాయ జాడీల మీద దర్భలు వేస్తుంది. విడుపు స్నానం అయ్యేదాకా పొయ్యి వెలిగించదు, మంచినీళ్ళు కూడా ముట్టదు. నా వ్యాసాలు అచ్చయిన పత్రికలను చదివి, మడిచి, ఆ జాడీల కింద పరుస్తుంది. పెళ్ళయిన కొత్తలో నన్ను 'మీరు' అనేది. భార్యాభర్తలు సమానమని ఉపన్యాసం చెప్పి 'నువ్వు' అనమని నేనే అలవాటు చేశాను. ఆ సంస్కరణ ఎంత గట్టిగా పాతుకుందో నాకు ఆసుపత్రికి పోయే దారిలో తెలిసింది.

బుధవారం

1999 ఆగస్టులో, ఆషాఢ అమావాస్య సాయంత్రం, సూర్యగ్రహణం వచ్చింది. మా మిత్రుడు ఖాదర్ బాషా దర్జీ. హేతువాద సంఘంలో నాకు కుడిభుజం. అతను బస్టాండు ఎదురుగా నాలుగు బల్లలు వేయించి, మైకు కట్టించి, ఒక పెద్ద గంగాళం నిండా బొరుగుల ఉగ్గాని, దాని పక్కన మిరపకాయ బజ్జీలు సిద్ధం చేయించాడు. గ్రహణం నడుస్తుండగా అందరి ముందూ తిని, ఏమీ కాదని చూపించడం కార్యక్రమం.

జనం బాగానే వచ్చారు, కానీ బల్లలకు పది గజాల దూరంలో ఆగిపోయారు. ఎదురుగా గుడి తలుపులు మూసి ఉన్నాయి. వాటి ముందు సామి తడిబట్టలతో నిలబడి చూస్తున్నాడు. సామి చూస్తున్నాడని నేను మామూలుగా తినేదానికంటే మూడు బజ్జీలు ఎక్కువ తిన్నాను. నాలుగు రకాల అన్నంలో ఇది ఏ రకమని మైకులో అడిగాను. జనం నవ్వారు. సామి కూడా నవ్వాడేమో, దూరం కాబట్టి సరిగా కనిపించలేదు.

ఇంటికి వచ్చేసరికి బొడ్డు చుట్టూ సన్నగా మెలిపెట్టినట్టు ఉంది. ఉదయం నుంచే కొంచెం అట్లా ఉన్నట్టు ఇప్పుడు అనిపిస్తుంది. నిజం చెప్పాలంటే, ఉదయం ఆకలి కూడా లేదు. కానీ ఆ రోజు నాకు ఆకలి లేకపోవడానికి వీల్లేదు.

గురువారం, శుక్రవారం

గురువారం నొప్పి బొడ్డు దగ్గరనుంచి కుడివైపు కిందికి దిగి అక్కడే కూర్చుంది. మా వైపు దీన్ని ఇరవైనాలుగు గంటల కడుపునొప్పి అంటారు. ఆలోగా కోత కోయించకపోతే ప్రాణం పోతుందని అందరికీ తెలుసు. నాకూ తెలుసు. ఇదే నొప్పి మంగళవారం వచ్చి ఉంటే పరుగున ఆసుపత్రికి పోయేవాణ్ణి. కానీ గ్రహణంలో తిన్న మరునాడు పోతే ఊరు ఏమంటుంది? ఇరవై ఏళ్ళ వాదం ఒక్క పూటలో పోతుంది. మూఢనమ్మకం ఉన్నవాడు దేవుడికి భయపడి డాక్టరు దగ్గరికి పోడు. నేను దేవుడు లేడని నిరూపించడానికి పోలేదు. ఇద్దరికీ లోపల చీము పట్టేది ఒకేలాగ పడుతుంది.

యార్డుకు నడిచే పోయాను. దారిలో గుడి. సామి అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏమప్పా ఓబులేశూ, అరిగిందా?"

"బ్రహ్మాండంగా అరిగింది సామీ. మళ్ళీ ఆకలేస్తాండాది."

"నడక కొంచెం వంకరగా ఉండాదే."

"కొత్త చెప్పులు," అన్నాను. కాళ్ళకున్నవి రెండేళ్ళ కిందటివి. సామి చెప్పులకేసి చూశాడు.

ఇంట్లో సరోజ మూడుసార్లు అడిగింది. "ఏమైంది నీకు? మొగం అట్లుండాదేమి?" మొదటిసారి నిద్ర లేదన్నాను. రెండోసారి కొత్త వ్యాసం గురించి ఆలోచిస్తున్నానన్నాను. మూడోసారి అడిగి, జవాబు కోసం ఆగకుండా రాగిసంగటి, శెనక్కాయల ఊరిబిండి పచ్చడి తట్టలో వడ్డించి తెచ్చి ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది. అది పరీక్ష అని నాకు అర్థమైంది. ముద్ద తర్వాత ముద్ద మింగి మొత్తం తిన్నాను. నా జీవితంలో అంత ధైర్యంగా, అంత తెలివితక్కువగా చేసిన పని మరొకటి లేదు. ఆమె తట్ట తీసుకుని లేచిపోతూ, "సరే, నువ్వు బాగుండావంటే బాగుండావు," అంది. ఆ మాట నేను కోత తర్వాత చాలాసార్లు గుర్తు చేసుకున్నాను. అంటే ఆమె గుర్తు చేసింది.

శుక్రవారమంతా బల్లమీద వంగి, పొట్టకు దిండు అదుముకుని వ్యాసం రాస్తున్నట్టు కూర్చున్నాను. కాగితం మీద ఒకే వాక్యం ఉంది, అదీ సగమే.

శనివారం

శనివారం పొద్దున ఉన్నట్టుండి నొప్పి మాయమైంది. నేను లేచి నిలబడ్డాను. గెలిచానన్నమాట. ఆ మిగిలిన సగం వాక్యం రాసి, "గ్రహణం తర్వాత మూడో రోజు ఆరోగ్యంగా ఈ వ్యాసం రాస్తున్నాను" అని మొదలుపెట్టాను కూడా. నొప్పి తగ్గిన ఆ గంటే అన్నింటికంటే చెడ్డ గంట అని, లోపల పగిలిపోయినప్పుడు కాసేపు హాయిగా ఉంటుందని ఆసుపత్రిలో డాక్టరమ్మ తర్వాత చెప్పింది. చదువరులు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి. నొప్పి ఊరికే వెళ్ళిపోతే అనుమానించండి.

గంట తర్వాత చలి పట్టింది. పొట్ట బల్లలాగ గట్టిపడింది. సరోజ చెయ్యి వేసి చూసి వీధిలోకి పరుగెత్తింది. ఆ సమయానికి బస్సు లేదు. ఎన్నికల రోజులు కావడంతో ఒక పార్టీ జీపు మైకు పెట్టుకుని అనంతపురం వైపు పోతోంది. దాని ముందుకు వెళ్ళి చేతులు అడ్డం పెట్టి ఆపినవాడు సామి. నన్ను భుజం పట్టి ఎక్కించినవాడూ ఆయనే.

జీపు కదిలింది. అప్పుడు సరోజ నోరు తెరిచింది.

"మూడు తూర్లు అడిగినా నిన్ను. మూడు తూర్లు. సంగటి పెట్టినా గూడా మింగితివే కానీ నొప్పని చెప్తివా? ఎవురి కోసమప్పా దాచినావు? ఆ సామి కోసమా, ఖాదర్ కోసమా? ఆ సూర్యుడు నీకు ఏమవుతాడు?"

అట్లా రెండు ఊళ్ళు దాటిన తర్వాత, రోడ్డు పక్క శెనక్కాయ చేలల్లో కలుపు తీస్తున్నవాళ్ళు నడుములెత్తి మావైపే చూస్తుంటే, డ్రైవరుకు అనుమానమొచ్చింది. జీపు మైకు ఆపనే లేదు, సరోజ మాటలన్నీ అందులో పోతున్నాయి. నా అబద్ధం ఆ పొద్దున మండలమంతా ప్రచారమైంది. డ్రైవరు మైకు కట్టేస్తుంటే సరోజ, "ఉండనీప్పా, అందరికీ తెలియల్ల," అంది.

ఆసుపత్రి

అనంతపురంలో సాయంత్రం లోపల కోత కోశారు. ఆ వివరాలు నాకు తెలియవు, తెలుసుకోవాలని కూడా లేదు. మెలకువ వచ్చేసరికి ముక్కులోంచి కడుపులోకి ఒక గొట్టం, చేతికి సెలైను, పొట్ట మీద పట్టీ. ఆరు మంచాల గది. డాక్టరమ్మ చిన్నమనిషి, మెల్లగా మాట్లాడుతుంది. లోపలంతా కడిగామని, చీము వల్ల పేగులు కదలడం మానేశాయని చెప్పింది.

"మల్లా కదిలేదాకా నోట్లో నీళ్ళచుక్క కూడా వేయకూడదు. కదిలినట్టు మాకు తెలిసేది రెండు రకాలుగా. స్టెతస్కోపు పెడితే గుడగుడమని శబ్దం వినిపించాల, లేదా మీకు కింద గాలి పోవాల."

"పోకపోతే?" అని సరోజ అడిగింది.

"గురువారం దాకా చూద్దామమ్మా. అప్పటికీ కదలకపోతే మల్లా తెరిచి చూడాల్సొస్తుంది. ఈయన ఒంట్లో బలం తక్కువుంది."

ఆ రోజునుంచి నా జీవితానికి ఒకే ఒక ప్రశ్న మిగిలింది. పొద్దున డాక్టరమ్మ పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి కళ్ళు మూసుకుని వినేది. గదిలో ఆరు మంచాలవాళ్ళూ, వాళ్ళ చుట్టాలూ ఊపిరి బిగబట్టేవాళ్ళు. ఆమె తల అడ్డంగా ఊపేది. అందరూ ఒకేసారి ఊపిరి వదిలేవాళ్ళు. ఇరవై ఏళ్ళ పాటు లోపల ఎవరూ లేరని రాసినవాణ్ణి, లోపలనుంచి ఒక చిన్న శబ్దం కోసం చెవి రిక్కించి పడుకున్నాను.

ఆదివారం పంద్రాగస్టు. ఆసుపత్రిలో జెండా ఎగరేసి మంచానికొక లడ్డు పంచారు. నర్సు నా దగ్గరికి వచ్చి ఆగిపోయి, లడ్డును వెనక దాచుకుని వెళ్ళిపోయింది. పక్క మంచం పెద్దాయన యాడికి అనే ఊరి దగ్గర రైతు, నడుము దెబ్బతిని వచ్చాడు. ఆయన తన లడ్డు పుచ్చుకుని, నాకు కనపడకుండా గోడవైపు తిరిగి తిన్నాడు. అప్పటినుంచి ఆయన ఏది తిన్నా గోడవైపు తిరిగే తిన్నాడు. ఇడ్లీ తిన్నా అంతే, టీ తాగినా అంతే. ఆ నడుమునొప్పితో ప్రతిసారీ తిరగడం ఆయనకు ఎంత కష్టమో నేను చూశాను. దయ మీద నేను ఎన్నో వ్యాసాలు రాశాను. వాటిలో ఇంతటి దయ గురించి ఒక్క మాటా లేదు.

సరోజ నాతో మాట్లాడడం మానేసింది. దూదిని నీళ్ళలో ముంచి నా పెదవులు తడుపుతుంది, కాళ్ళు ఒత్తుతుంది, మాట మాత్రం పెద్దాయనకే.

"పెద్దాయనా, ఆయప్పను నీళ్ళు అడగొద్దని చెప్పు."

"ఏమప్పా, నీళ్ళు అడగొద్దంట."

"నేను అడగలేదని చెప్పు పెద్దాయనా," అనేవాణ్ణి.

"అడగలేదంటనమ్మా."

"ఆయప్ప చెప్పే మాట నమ్మేది ఎట్లో అడుగు."

పెద్దాయన ఈ ప్రశ్న నాదాకా తేలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆమె ఏమి తింటోందో నేను గమనించలేదు. సోమవారం నర్సు చెప్తే తెలిసింది, రెండు రోజులుగా టీ నీళ్ళే. మొక్కు కాదట. తినబుద్ధి కాలేదట.

ఖాదర్ రోజూ సాయంత్రం ఊరినుంచి ఆసుపత్రి ఎదురుగా ఉన్న ఎస్‌టీడీ బూతుకు ఫోన్ చేసేవాడు. సరోజ వెళ్ళి చెప్పి వచ్చేది. సోమవారం తనే బస్సెక్కి వచ్చాడు. మంచం పక్కన కూర్చుని, నా చెయ్యి పట్టుకుని అన్నాడు.

"అన్నా, నువ్వు చావగూడదు."

"నాకూ ఇష్టం లేదు ఖాదర్."

"నీకోసమే కాదన్నా. నువ్వు పోతే మనం యాభై ఏండ్లు యెనక్కి పోతాం. ఊర్లో ఇప్పటికే గ్రహణం మింగిందంటాండారు. నిన్న టీ అంగట్లో నలుగురితో కొట్లాడినా. బస్టాండులో నన్ను ఆపి అడుగుతాండారు, గాలి పోయిందా అని. ఏం చెప్పల్ల నేను?"

"ఇంకా పోలేదని చెప్పు."

"అదే చెప్తాండా. మూడు దినాల నుంచి అదే చెప్తాండా."

నేను రాసిన దేని గురించీ మా ఊరు అంతగా ఎదురుచూడలేదు.

ఖాదర్ వెళ్ళిపోయాక మొదటిసారి నిజంగా భయం వేసింది. చావంటే భయం కాదు, దాని మీద ఉపన్యాసం ఇచ్చి ఉన్నాను కాబట్టి ఆ ధైర్యం ఇంకా కొంత మిగిలి ఉంది. నేను పోతే ఊరు ఏమంటుంది, సామి ఏమంటాడు, పత్రికలో ఎట్లా రాస్తారు, ఇవే నా తలలో తిరుగుతున్నాయని గమనించినప్పుడు భయం వేసింది. గదిలో ఒక మూల, స్టూలు మీద, టీ నీళ్ళతో రెండు రోజులు గడిపిన మనిషి కూర్చుని ఉంది. ఆమె నా తలలో లేదు. గురువారం నా మంచం ఖాళీ అయితే ఊళ్ళో వాదన ఓడిపోయేది ఎవరో నాకు తెలుసు. ఇంట్లో ఒంటరిగా మిగిలేది ఎవరో అప్పుడు గుర్తొచ్చింది.

మంగళవారం, సామి

మంగళవారం మధ్యాహ్నం సామి వచ్చాడు. చేతిలో ప్రసాదం లేదు, విభూతి లేదు. సంచిలో సరోజ కోసం అరటిపండ్లు తెచ్చాడు. వచ్చి నా ముక్కులోని గొట్టాన్ని చాలాసేపు పరీక్షగా చూశాడు.

"అడిగినావు కదప్పా, పొగగొట్టం యాడుండాదని. పెట్టినారు చూడు."

నేను నవ్వకూడదు, కుట్లు ఉన్నాయి. పళ్ళు బిగించాను.

"నాలుగు రకాల అన్నమంటిరి సామీ. ఈ చేతికెక్కే సెలైను ఏ రకం?"

"అది అన్నమే కాదు. నిప్పుతో పని లేకుండా పోతాండాది. అందుకే లోపల ఆయన పనిలేక పండుకున్నాడు."

సామి అరటిపండ్లు సరోజ చేతిలో పెట్టి, "తిను తల్లీ, నేనీడ కూసుంటా," అన్నాడు. ఆమె వాటిని తీసుకుని బయటికి వెళ్ళింది. పెద్దాయన నిద్రపోతున్నాడు. సామి స్టూలు దగ్గరికి జరుపుకుని, పంచె కట్టు పక్కకు జరిపి, పొట్ట కుడివైపు చూపించాడు. అక్కడ నాలుగంగుళాల పాత కోత గుర్తు ఉంది.

"ఇదేమి?"

"నీకొచ్చిన నొప్పే. ఇరవై ఏండ్ల కిందట."

ఆ కథ ఇది. ఒక శెట్టిగారింట్లో వాళ్ళ నాయన తద్దినానికి సామి భోక్తగా కూర్చున్నాడు. ఆ రోజు భోక్త తిన్నది పోయినవాళ్ళకు చేరుతుంది. భోక్త కడుపే ఆ పెద్దల కడుపు. వడలు, పాయసం, అన్నీ కొసరి కొసరి పెట్టారు. భోజనం మధ్యలో నొప్పి మొదలైంది. అప్పుడు విస్తరి ముందు నుంచి లేస్తే ఆ ఇంటి పెద్దలు తిండి వద్దన్నట్టు లెక్క. శెట్టిగారి భార్య ఏడుస్తుంది. ఆ తర్వాత సామిని ఏ ఇంటివాళ్ళూ తద్దినానికి పిలవరు.

"తినేసినా. పాయసం రెండో తూరి గూడా పోయించుకున్నా. ఒకటిన్నర దినం దాచినా. ఈడ చూపిస్తే తెలిసిపోతాదని బళ్ళారికి పోయి కోయించుకున్నా."

"ఊళ్ళో ఏం చెప్పినారు?"

"కాశీకి పోయినానంటి."

నాకు గుర్తొచ్చింది. సామి కాశీ యాత్ర. ఊరంతా ఎదురుపోయి కాళ్ళు మొక్కింది. "గంగ తెచ్చి పంచినారు కదా సామీ. చిన్న చెంబుల్లో. అవి..."

సామి తలుపువైపు చూసి గొంతు తగ్గించాడు. "బళ్ళారి కొళాయి నీళ్ళు."

"మా అమ్మ పోయేటప్పుడు గొంతులో పోసింది?"

"అవే," అన్నాడు సామి. "ఆయమ్మ తాగి, తియ్యగుండాయి సామీ అనె. ఆ మాట ఈ పొద్దుకూ నన్ను నిద్రపోనీదు."

కోపం రావలసింది. బదులుగా మా అమ్మ ముఖం, బళ్ళారి కొళాయి రెండూ ఒకేసారి కళ్ళముందుకు వచ్చాయి. నాకు నవ్వు వచ్చింది. కుట్లు పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారుతూ నవ్వాను. ఆ నీళ్ళన్నీ నవ్వువేనని చెప్పలేను. సామి కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. పెద్దాయన లేచి మమ్మల్ని చూసి ఏమీ అర్థం కాక, తనూ కాసేపు నవ్వాడు. ఆ నవ్వు మధ్యలో, పట్టీ కింద, ఎక్కడో లోతుగా, బిందెలో నీళ్ళు కదిలినట్టు ఒక శబ్దం వచ్చింది.

ముగ్గురం ఆగిపోయాం.

"లేచినాడు," అన్నాడు సామి.

నవ్వుకూ పేగు కదలడానికీ సంబంధం లేదని, ఆ వేళకు అది కదలవలసిందేనని డాక్టరమ్మ స్పష్టంగా చెప్పింది. ఈ మాట ఇక్కడ రాసిపెడుతున్నాను. లేకపోతే ఎవరో ఒకరు దీని మీద కూడా ఒక సిద్ధాంతం తయారుచేస్తారు.

వెళ్ళేముందు సామిని అడిగాను. నాకెందుకు చెప్పినారు, రేపు నేను రాస్తే మీ గతేమిటి అని.

"నువ్వు చచ్చిపోతావేమో అనుకున్నా ఓబులేశూ. దాచుకునే యెదవలం ఇద్దరముండామని తెలిసి పోతే నీకు కొంచెం తోడుగా ఉంటాది కదా అని." "రాసుకుంటే రాసుకో. పేరు మాత్రం ఎయ్యొద్దు."

"ఊళ్ళో పురోహితులు మీరొక్కరే కదా సామీ."

"అయినా ఎయ్యొద్దు."

గురువారం

శబ్దం వచ్చినా డాక్టరమ్మ తొందరపడలేదు. బుధవారం కూడా గడిచింది. గురువారం పొద్దున, ఆమె రౌండుకు రావడానికి ముందు, కింద గాలి పోయింది. "పోయింది," అని సరోజతో చెప్పాను. ఐదు రోజుల్లో మొదటిసారి ఆమె నేరుగా నాతో మాట్లాడింది.

"నిజమేనా? లేక ఇది గూడా ఆ పొద్దు చెప్పిన అబద్ధం మాదిరేనా?"

పెద్దాయన గోడవైపు నుంచే, "నిజమేనమ్మా. నేను విన్నా," అని సాక్ష్యం చెప్పాడు.

కబురు బూతుకు పోయింది, అక్కడినుంచి కళ్యాణదుర్గం బస్టాండుకు పోయింది. ఖాదర్ టీ అంగట్లో అందరికీ టీ పోయించాడని తర్వాత విన్నాను.

మధ్యాహ్నం గొట్టం తీసేశారు. సరోజ ఎవరింట్లోనో పలచటి బియ్యం గంజి కాచి, ఉప్పువేసి, చిన్న గిన్నెలో తెచ్చింది. చెంచా ముంచి నా నోటిదాకా తెచ్చి ఆపింది.

"ఇంగ నాతో నొప్పి దాస్తావా?"

"దాయను."

"ఒట్టు పెట్టు."

"ఒట్ల మీద నాకు నమ్మకం లేదని నీకు తెలుసు కదా సరోజా."

"నీకు లేదులే. నాకుంది. దేవుని మీద వద్దు. ఈ గంజి మీద పెట్టు."

ఐదు రోజులు నీళ్ళు కూడా లేని మనిషికి గంజి వాసన ఎట్లా ఉంటుందో చెప్పడానికి నా దగ్గర మాటలు లేవు. ఆ గిన్నె మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టాను. నా జీవితంలో నేను పెట్టిన ఒట్టు అదొక్కటే. అప్పుడు చెంచా నోట్లోకి వచ్చింది. సామి చెప్పే ఐదు ముద్దల్లాగ, ఐదు చెంచాలే అనుమతి. ఒక్కొక్కటి గొంతు దిగి, రొమ్ము దాటి, లోపల వెచ్చగా పరుచుకోవడం నాకు తెలుస్తూనే ఉంది. లోపల ఉన్నది ఎవరు అని ఆ సమయంలో ఎవరైనా అడిగితే నేను వాదించేవాణ్ణి కాదు. నోరు ఖాళీ లేదు.

ఆరో చెంచా ఆమె తాగింది. మిగిలిన గిన్నె కూడా ఆమే తాగింది.

ఇప్పుడు

ఇంతవరకు నయమైన మనిషి కథ. మొన్న, 2005 అక్టోబరులో, మహాలయ అమావాస్య నాడు మళ్ళీ సూర్యగ్రహణం వచ్చింది. అది చూశాకే ఇదంతా రాయాలనిపించింది.

ఖాదర్ మళ్ళీ బల్లలు వేయించాడు, మళ్ళీ ఉగ్గాని, బజ్జి. ఎదురుగా గుడి అరుగు మీద సామి. సరోజ ఎన్నడూ రాలేదు కానీ ఈసారి వచ్చి ముందు వరుసలో కూర్చుంది. ఇంట్లో ఊరగాయ జాడీల మీద దర్భలు వేసి మరీ వచ్చింది.

నేను మాట్లాడాను. జనం విన్నారు. తట్ట చేతిలోకి తీసుకున్నాను. ఆ రోజు పొద్దుటినుంచి నా కడుపులో కొంచెం మంటగా ఉంది. ముందురోజు చుట్టాలింట్లో తిన్న బోండాల వల్ల. పెద్ద సంగతి కాదు. రెండు బజ్జీలు తిని దిగిపోవచ్చు. మైకు ముందు నిలబడి ఉన్నాను, ఊరంతా చూస్తోంది. సరోజ కూడా చూస్తోంది. ఏమీ అడగలేదు. నేను ఎక్కినచోటునుంచి దిగడం నేర్చుకోవలసింది అక్కడే.

"ఈ పొద్దు నా కడుపు బాగలేదు," అని మైకులో చెప్పాను. "గ్రహణం వల్ల కాదు, నిన్నటి బోండాల వల్ల. నేను తినలేను."

నవ్వు చెలరేగింది. వెనకనుంచి ఎవరో, "పట్టింది రా ఆయప్పకు," అన్నారు. ఖాదర్ ముఖం వాడిపోయింది. నేను తట్ట పట్టుకుని అట్లాగే నిలబడ్డాను.

సరోజ లేచింది. కొంగు నడుముకు చెక్కుకుని మెట్లెక్కి నా పక్కకు వచ్చింది.

"ఇట్ల తే," అని తట్ట తీసుకుంది.

పుట్టినప్పటినుంచి గ్రహణంలో నీళ్ళు కూడా ముట్టని మనిషి. బజ్జి తుంచి, ఉగ్గానిలో అద్దుకుని, నోట్లో పెట్టుకుంది. గుడి అరుగు మీద సామి లేచి నిలబడ్డాడు. నేను మెల్లగా, ఆమెకు మాత్రమే వినపడేటట్టు అడిగాను.

"నీకేమన్నా అయితే?"

ఆమె నమిలి, మింగి, రెండో ముక్క తుంచింది.

"అయితే చెప్తా," అంది. "నేను నీ మాదిరి కాదు."

మైకు ఈసారి కూడా ఎవరూ ఆపలేదు.